బుచ్చిబాబు పనితనం

క్రికెట్‌లో మనం మెచ్చుకునే పనితనమంతా కంటికి కనిపించేదే. కవర్స్ మీదుగా దూసుకుపోయిన షాట్, గాలిలో వంగి వచ్చి వికెట్టును తాకిన బంతి, అడ్డంగా దూకి పట్టిన క్యాచ్. చూస్తాం, చప్పట్లు కొడతాం. ఆ బంతి పడిన నేలను ఎవరు సంపాదించారు, ఆ పదకొండు మందిని ఎవరు ఒక్కచోటికి చేర్చారు, ఫలానా నెలలో ఫలానా రోజున ఆట ఉంటుందని ఎవరు తేల్చారు అన్నది స్కోరుకార్డులో ఉండదు. దక్షిణ భారతంలో ఆ కనిపించని పనిని తలకెత్తుకున్నవాడు ఒక తెలుగువాడు. పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. మద్రాసు అంతా ఆయన్ను బుచ్చిబాబు అనే పిలిచింది. 1868లో పుట్టి 1908లో, నలభై ఏళ్ళకే వెళ్ళిపోయాడు. ఆయన చేసిన పనిని దగ్గరికి తీసుకుని, ఒక్కొక్క అతుకూ చూడాలని ఈ ప్రయత్నం.

ఆయన మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టింది 1888లో. ఆ సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళు దాటాయి. అప్పటిదాకా సెలవునాటి సరదాగా ఉన్న ఆటలు ఇంగ్లండ్‌లో నియమాల్లోకి, పట్టికల్లోకి వచ్చి కుదురుకుంటున్నాయి. ఆ ఏడాదే బర్మింగ్‌హామ్‌లో బట్టల దుకాణం నడిపే విలియం మెక్‌గ్రెగర్ పూనుకుని 12 క్లబ్బులను కలిపి ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టాడు. ఆయన్ను బాధించిన సంగతి చాలా చిన్నది. ఫలానా శనివారం ఆట అని ఊరంతా చాటుతారు, తీరా ఎదుటి జట్టు ఇంకో పోటీకి వెళ్ళిపోతుంది, టికెట్టు కొనడానికి వచ్చిన జనం వెనక్కి పోతారు. ముందే తేదీలు రాసుకుని, ఏమైనా సరే ఆ తేదీకి ఆడదాం అన్నదే ఆయన కొత్త ఆలోచన. ఇంగ్లండ్‌లో లాన్ టెన్నిస్ సంఘం పుట్టిందీ 1888లోనే. మన సిమ్లాలో విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ పేరు మీద ఫుట్‌బాల్ కప్పు మొదలైందీ ఆ ఏడే. అది ఇప్పటికీ నడుస్తోంది. బొంబాయి పార్శీలు రెండోసారి ఇంగ్లండ్ వెళ్ళి ఆడారు, ఆ యాత్రలో మెహెల్లాషా పావ్రీ 170 వికెట్లు తీశాడు. కాఠియావాడ్ నుంచి రంజిత్‌సింహ్‌జీ అనే పదిహేనేళ్ళ కుర్రాడు చదువు కోసం ఇంగ్లండ్ ఓడ ఎక్కాడు.

ఇన్ని జరిగిన ఏడాదిలో మన ఉత్తర తెలంగాణ ఎట్లా ఉంది? ఇప్పటి కరీంనగర్ ప్రాంతం నిజాం రాజ్యంలో ఎలగందుల జిల్లా. ఆదిలాబాద్ వైపు సిర్పూర్-తాండూరు. రైలు 1874లో సికింద్రాబాద్ దాకా వచ్చింది గాని మానేరు ఒడ్డుకు రాలేదు, గోదావరి దాటలేదు. తాలీముల్లో కుస్తీ ఉంది, వెన్నెల రాత్రుల్లో చెడుగుడు ఉంది, పిల్లలకు చిర్రగోనె ఉంది. ఆటలకు కొదువ లేదు. లేనిది క్లబ్బు, చందా, తేదీల పట్టిక. కాజీపేట-బల్హార్షా రైలు మార్గం, దాని వెంట బొగ్గు గనులు వచ్చాక గాని ఆ రకం ఆట ఈ వైపు కుదురుకోలేదు. అందుకే 1888 నాటి తెలుగువాళ్ళ ఆటల చరిత్ర వెతికితే మన చూపు మద్రాసు దాకా పోక తప్పదు.

మద్రాసులో క్రికెట్ అప్పటికే పాతబడింది. మద్రాస్ క్రికెట్ క్లబ్ 1846లో పుట్టింది, 1865 నుంచి చేపాక్‌లో ఆడుతోంది. మైదానం బాగుంది, పచ్చిక బాగుంది, పెవిలియన్ ఉంది. అదంతా యూరోపియన్లకే. భారతీయులు ఎప్పుడైనా ఆడటానికి పోతే మైదానం దాకానే. పెవిలియన్ మెట్లు ఎక్కనివ్వరు. మధ్యాహ్న భోజనం చెట్ల కిందే.

బుచ్చిబాబుకు ఆ ప్రపంచం కొత్త కాదు. వాళ్ళ తాత మోతవరపు డేరా వెంకటస్వామి నాయుడు ప్యారీ కంపెనీకి దుబాసీ, సంపన్నుడు. మైలాపూర్ దగ్గర లజ్‌లో పెద్ద బంగళా. ఇంట్లో పిల్లల్ని పెంచడానికి ఇంగ్లీషు ఆయాలు ఉండేవారు. చిన్నప్పటి నుంచే దొరల ఆట, దొరల మాట దగ్గరగా చూసినవాడు. ఇట్లాంటి ఇంట్లో పుట్టినవాడికి ఎదురుగా రెండు దారులుంటాయి: దొరలతో కలిసిపోయి, వాళ్ళు పిలిచినప్పుడు పోయి, దొరికిన మర్యాదతో తృప్తిపడటం, లేదా ఆ గుమ్మం మొఖం చూడకపోవడం. ఆయన రెండూ వద్దనుకున్నాడు. దొరల క్లబ్బుకు సమానంగా నిలబడి, దానితో తేదీ కుదుర్చుకుని ఆడగలిగే క్లబ్బు ఒకటి కట్టాలనుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడికి ఆ ఆలోచన రావడమే నాకు అబ్బురంగా ఉంటుంది.

ఇక పని చూద్దాం. మొదటిది చోటు. లజ్‌లో ఆయనకు విశాలమైన తోట ఉంది. అక్కడే పిచ్ వేయించుకుని స్నేహితులను పిలిచి ఆడుకోవచ్చు. అట్లా చేసి ఉంటే అది ఒక జమీందారీ ముచ్చటగా మిగిలేది, ఆయనతోనే పోయేది. ఆయన క్లబ్బును ఎస్ప్లనేడ్‌లో పెట్టాడు. కోటకూ అప్పటి నల్లపట్నానికీ నడుమ ఉన్న బయలు అది. పక్కనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, దగ్గర్లోనే మెడికల్ కాలేజీ. కచేరీల్లో పనిచేసే గుమాస్తాలు, వకీళ్ళు, వ్యాపారుల పిల్లలు అందరూ మసలే చోటు. సాయంత్రం కాలేజీ విడిచిన కుర్రాడు బండి లేకుండా నడిచి రాగలడు. క్లబ్బు ఎక్కడ పెట్టాలన్న ఒక్క నిర్ణయంతోనే అందులో ఎవరెవరు ఆడగలరన్నది సగం తేలిపోతుంది. సొంత తోటను వదిలి బయటి బయలును ఎంచుకోవడంలో ఆయన దూరదృష్టి ఉంది.

రెండోది సామాను. ఈ సంగతిని క్రికెట్ చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి గాని నాకు ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది. అప్పటి బ్యాటు ఇంగ్లండ్ విల్లో చెక్కతో చేసింది, పిడికి బెత్తం. అవిసె నూనె పట్టిస్తూ, మెల్లగా కొడుతూ అలవాటు చేయాలి, లేకపోతే గట్టి బంతి తగిలితే చీలిపోతుంది. బంతి లోపల బెండు గుండు, దాని చుట్టూ దారం, పైన ఎర్రరంగు తోలు, నడుమ కుట్టు. మద్రాసు సముద్రపు గాలికి, ఉక్కకు ఇవేవీ పుట్టినవి కావు. అన్నీ ఓడలో రావలసిందే. ప్యాడ్లు, చేతి తొడుగులు, వికెట్లు సరేసరి. ఒక మామూలు విద్యార్థి ఇవి కొనుక్కోవడం కల్ల. బుచ్చిబాబు ఇంగ్లండ్ నుంచి తెప్పించి తన జట్టువాళ్ళకు ఇచ్చాడు. దీన్ని ధనవంతుడి దాతృత్వం అనేసి ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఓ మోస్తరు బ్యాటుతో నేర్చుకున్నవాడికి ఓ మోస్తరు ఆటే వస్తుంది; చేపాక్‌లో ఎదుటి జట్టు చేతిలో ఉన్న సామానే తన జట్టు చేతిలోనూ ఉంటే, ఓడినా గెలిచినా లెక్క ఆట మీదే తేలుతుంది. సమానమైన పోటీ అన్నమాటను ఆయన ముందు సామాను దగ్గర నిజం చేశాడు, తర్వాతే మనుషుల దగ్గరికి వచ్చాడు.

మూడోది ఆటను కొత్తగా ఉంచడం. ఆ రోజుల్లో క్రికెట్ నియమాలు ఏటికేడు కదులుతున్నాయి. ఆయన క్లబ్బు పెట్టిన ఏడాది ఓవరుకు నాలుగే బంతులు. మరుసటి ఏడాది 1889లో ఇంగ్లండ్‌లో ఐదయ్యాయి, 1900లో ఆరు. ఇన్నింగ్స్ డిక్లేర్ చేసే హక్కు కూడా 1889లోనే వచ్చింది. ఓవరు పొడుగు మారితే బౌలింగ్ ఎత్తుగడ మారుతుంది, డిక్లరేషన్ వస్తే కెప్టెన్ బుర్ర మారుతుంది. ఇంగ్లండ్‌లో అచ్చయిన నియమాల పుస్తకం ఓడలో వచ్చేసరికి వారాలు పట్టే కాలంలో ఒక భారతీయ క్లబ్బును ఆ మార్పుల వెంట నడిపించడం తేలిక కాదు. మన కుర్రాళ్ళు చేపాక్ జట్టు ముందు నిలబడినప్పుడు, ఈ నియమం తెలియదా అనే వెక్కిరింత వినకూడదంటే ఎవరో ఒకరు ఆ పుస్తకం చదవాలి, పదిమందికి చెప్పాలి.

బొంబాయిలో ఏం జరుగుతోందో ఇక్కడ చెప్పుకోవాలి, లేకపోతే మద్రాసు పని విలువ తెలియదు. బొంబాయిలో పార్శీలు అంతకుముందే క్రికెట్‌లో దిగారు. ఆట మొదలైన చోటనే తగాదా కూడా మొదలైంది. 1880లలో వాళ్ళు ఆడుకునే మైదానంలోకే దొరలు పోలో గుర్రాలతో వచ్చి పచ్చికను గుంటలు చేసేవారు. పార్శీలు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు, షాపూర్జీ సోరాబ్జీ దాన్నంతా 1897లో పుస్తకంగా రాసి పెట్టాడు. 1892లో అక్కడ యూరోపియన్లకూ పార్శీలకూ ఏటా ఆడే ప్రెసిడెన్సీ మ్యాచ్ మొదలైంది. అప్పటి గవర్నర్ లార్డ్ హారిస్ స్వయంగా పెద్ద క్రికెటర్. పోటీ బాగా నడిచింది, జనం విరగబడి వచ్చారు. అయితే ఆ పోటీ గీసిన గీత మతం గీత. 1907లో హిందువులు చేరారు, 1912లో ముస్లింలు, 1937లో మిగతావాళ్ళు. ప్రతివాళ్ళూ తమ తమ మతం పేరుతో ఒక జట్టు. 1940లో గాంధీజీ దీన్ని మానుకోమని చెప్పాల్సి వచ్చింది. 1946 దాకా నడిచి ఆగింది.

మద్రాసులో బుచ్చిబాబు ఏటా ఆడే పోటీ ఒకటి తలపెట్టినప్పుడు ఎదురుగా ఈ బొంబాయి నమూనా తయారుగా ఉంది. దాన్నే తెచ్చుకోవచ్చు. ఆయన తెచ్చుకోలేదు. మద్రాసులో ఒక వైపు యూరోపియన్లు, రెండో వైపు ఇండియన్లు. అంతే. ఇండియన్ల జట్టులో ఎవరైనా ఉండొచ్చు. బంతి వేయగలవా, పట్టగలవా అన్నదే అర్హత. ఈ ఏర్పాటు రాసుకున్నప్పుడు దీని బరువు ఎవరికీ తట్టి ఉండదు. ముప్పై ఏళ్ళు దాటాక బొంబాయి పోటీ ఎక్కడ చిక్కుకుందో, మద్రాసు పోటీ ఆ చిక్కులో ఎందుకు పడలేదో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆయన పని మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ మెచ్చేది ఈ ఒక్క గీతను.

ఇక నాలుగోది, అన్నిటికంటే ఓపిక కావలసింది: ఒప్పందం. 1888లో క్లబ్బు పుట్టింది. ప్రెసిడెన్సీ మ్యాచ్ కుదిరింది 1908లో. నడుమ ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళూ ఆయన ఊరికే కూర్చోలేదు. క్లబ్బు ఆడుతూనే ఉంది, మద్రాసులో ఇంకా క్లబ్బులు పుట్టాయి, కాలేజీల నుంచి కొత్త తరం వచ్చింది, చేపాక్ క్లబ్బుతో ఆటలు సాగాయి. ఒక్కసారి ఆడి గెలిచి చంకలు గుద్దుకోవడం ఆయన లక్ష్యం కాదు. ఏటా, ఒకే కాలంలో, రెండు వైపులా పూర్తి బలంతో, సమాన మర్యాదతో ఆడే ఆట ఆయనకు కావాలి. అది ఇవతలి పక్షం ఒక్కటే పూనుకుంటే అయ్యేది కాదు. మద్రాస్ క్రికెట్ క్లబ్ వైపు నుంచి పి. డబ్ల్యూ. పార్ట్రిడ్జ్ ముందుకొచ్చాడు. ఇద్దరూ కలిసి డిసెంబరు చివర తొలి మ్యాచ్ అని తేల్చారు. పార్ట్రిడ్జ్‌కు కూడా ఇందులో దక్కవలసిన పేరు దక్కాలి. మూసిన తలుపును లోపలినుంచి తీసే మనిషి దొరకకపోతే బయటివాడు ఎంత తట్టినా లాభం లేదు.

ఆ తేదీని కూడా ఒకసారి చూడండి. మద్రాసుకు పెద్ద వానలు ఈశాన్యం నుంచి, అక్టోబరు మొదలు డిసెంబరు దాకా. అవి వెనక్కి తగ్గి, ఎండలు ఇంకా ముదరని సందు డిసెంబరు చివర, జనవరి. నేల గట్టిపడుతుంది, గాలి చల్లగా ఉంటుంది, మూడు రోజులు వరసగా ఆడగలరు. క్రిస్మస్ సెలవులకు కాఫీ తోటల దొరలు, జిల్లాల అధికారులు మద్రాసు చేరతారు కనుక యూరోపియన్ జట్టుకు మనుషుల కొరత ఉండదు. కోర్టులు, కచేరీలు మూసి ఉంటాయి కనుక మనవైపు గుమాస్తాకూ వకీలుకూ సెలవు అడుక్కునే పని లేదు. తర్వాత ఈ పోటీ సంక్రాంతికి జరిగి అక్కడే స్థిరపడింది. మద్రాసువాళ్ళు దాన్ని పొంగల్ మ్యాచ్ అనే పిలుచుకున్నారు. కొత్త పంట ఇంటికి చేరిన పండుగ రోజుల్లో ఆట పెడితే చూడటానికి రానివాడు ఎవరు? బర్మింగ్‌హామ్ మెక్‌గ్రెగర్ శనివారాలతో చేసిన పనిని మద్రాసు సంక్రాంతితో చేసింది.

ఈ పనికి హద్దులు లేవని నేను అనను. మద్రాస్ యునైటెడ్ క్లబ్ చదువుకున్న, ఎంతోకొంత కలిగిన కుటుంబాల పిల్లల క్లబ్బు. సరిగ్గా ఆ కాలంలోనే పుణెలో పల్వంకర్ బాలూ అనే దళిత యువకుడు దొరల క్లబ్బులో నెట్స్ దగ్గర గంటల తరబడి బంతులు వేస్తూ గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. హిందూ జట్టు ఆయన బౌలింగ్‌ను తీసుకుంది గాని టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో ఇచ్చింది. చేపాక్‌లో తెల్లవాళ్ళు మనకు చేసినదాన్ని పుణెలో మనవాళ్ళు బాలూకు చేశారు. బుచ్చిబాబు తెరిచింది ఒక తలుపు. దాని వెనక ఇంకా తలుపులున్నాయి. అయినా పెవిలియన్ అన్నది ఆడేవాళ్ళందరిదీ అన్న న్యాయాన్ని మద్రాసులో ముందు నిలబెట్టినవాడిగా ఆయన పేరు చెప్పుకోవలసిందే.

తొలి మ్యాచ్ 1908 డిసెంబరు చివర అని ఖరారైంది. జట్టు కూర్పు అయింది. భారతీయుల నాయకుడు బుచ్చిబాబే. ఆట ఇంకా కొద్దిరోజులుందనగా ఆయన కన్నుమూశాడు. ఇరవై ఏళ్ళు కాచుకున్న పని చేతికందే వేళకు మనిషి లేడు. బి. సుబ్రహ్మణ్యం జట్టును మైదానంలోకి తీసుకుపోయాడు. మ్యాచ్ జరిగింది.

జరిగిందన్న ఆ మాట దగ్గరే ఆయన పనితనానికి అసలు పరీక్ష. కట్టినవాడు లేకపోతే కూలిపోయే క్లబ్బులు మన ఊళ్ళలో ఎన్ని చూశామో! పెద్దమనిషి ఉన్నన్నాళ్ళు టోర్నమెంట్లు, కప్పులు, మైకులు. ఆయన పోయిన మర్నాటి నుంచి మైదానంలో గడ్డి. బుచ్చిబాబు కట్టినది అట్లా కాలేదు. పోటీ సాగింది. 1915-16 నుంచి దానికి ఫస్ట్‌క్లాస్ హోదా వచ్చింది. 1920ల తొలినాళ్ళలో నాగపూర్ తెలుగు కుర్రాడు సి. కె. నాయుడు వచ్చి చేపాక్ మైదానం బయట, దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు దాకా సిక్సర్ కొట్టాడని మద్రాసు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే నాయుడు 1932లో లార్డ్స్‌లో భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్. 1934 నవంబరు 4న దేశంలో తొలి రంజీ ట్రోఫీ మ్యాచ్ చేపాక్‌లోనే జరిగింది, మద్రాసుకూ మైసూరుకూ. ఒక్కరోజులో ముగిసిపోయింది. ఎ. జి. రాంసింగ్ 11 వికెట్లు తీశాడు. మద్రాసు కెప్టెన్ సి. పి. జాన్‌స్టన్ యూరోపియన్, ఆయన కింద ఆడినవాళ్ళలో భారతీయులు ఉన్నారు. ఏటేటా ఎదురెదురుగా ఆడి ఒకరి ఆటను ఒకరు ఎరిగినవాళ్ళు ఒకే జట్టుగా నిలబడటానికి పాతికేళ్ళ పొంగల్ మ్యాచ్‌లు దారి వేశాయని నా నమ్మకం.

ఆయన పేరుతో మొదలైన టోర్నమెంట్ కూడా బతికే ఉంది. కొన్నాళ్ళు ఆగిపోయి 2023లో మళ్ళీ లేచింది. రంజీ సీజన్‌కు ముందు, ఆగస్టు-సెప్టెంబరులో రాష్ట్రాల జట్లు వచ్చి నాలుగు రోజుల ఆట ఆడి కాళ్ళూ చేతులూ సరిచేసుకునే పోటీ అది. 2024లో ఆ కప్పు గెలిచింది హైదరాబాద్ జట్టు, దిండిగల్లులో ఛత్తీస్‌గఢ్ మీద. కరీంనగర్, ఆదిలాబాద్ కుర్రాళ్ళు ఎప్పటికైనా చేరాలనుకునే జట్టు అదే. ఆ కప్పు మీద ఉన్నది ఒక తెలుగువాడి పేరని, ఆయన ఎవరో, ఏం చేశాడో వాళ్ళకు ఎవరైనా చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

బుచ్చిబాబు పిల్లలు లజ్ ఇంటి ఆవరణలో బ్యాటు పట్టి పెరిగారు. బాలయ్య మద్రాసు తరఫున ఆడాడు. చిన్నవాడు రామస్వామిని తల్లి తరఫు తాత దత్తత తీసుకోవడంతో ఇంటిపేరు కోటా అయింది. తండ్రి పోయేనాటికి అతనికి పన్నెండేళ్ళు. ఎడమచేతి వాటం, ధాటిగా కొట్టే ఆట. కేంబ్రిడ్జ్‌లో చదివి, 1922లో డేవిస్ కప్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడాడు. క్రికెట్‌లో టెస్టు పిలుపు మాత్రం 1936 దాకా రాలేదు. అప్పటికి నలభై ఏళ్ళు, తండ్రి ఎంత వయసులో పోయాడో సరిగ్గా అంత. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తొలి టెస్టు; 40, 60 పరుగులు చేశాడు. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. టెస్టు జీవితం ఆ రెండు మ్యాచ్‌లే, సగటు 56కు పైన. అప్పటి భారత జట్టులో అంత నిలకడగా ఆడినవాళ్ళు తక్కువ.